రంగు వరకే చెప్పే మనిషి

శిలీంధ్రాల మీద పనిచేశానని చెబితే సింగపూర్‌లో మన తెలుగువాళ్ళు రెండే ప్రశ్నలు అడుగుతారు. బాత్రూమ్ గోడ మీద బూజు దేనితో పోతుంది? ఇది తినొచ్చా? రెండో ప్రశ్నతో పాటు ఫోన్లో ఒక ఫొటో కూడా వస్తుంది. నేను ఉద్యోగం మానేసినా ఆ ఫొటోలు మానలేదు. మొదటిదానికి నా జవాబు ఎప్పుడూ ఒకటే, కిటికీ తెరవండి. రెండోదానికి జవాబు చెప్పడం ఎందుకంత కష్టమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం రాయమన్నారు. నేను ఏ ఏడాది ఏ మెట్టు ఎక్కానన్నది మీకు అనవసరం. ఎక్కాను, ఆలస్యంగా ఎక్కాను, ఎవరి వల్ల ఆలస్యమైందో వాళ్ళకీ తెలుసు, అక్కడితో వదిలేద్దాం. నాకు పని నేర్పిన ఫ్రెంచ్ ఆయన గురించి, టోవా పాయోలో ఒక ఆంటీ ప్రాణం మీదికి వచ్చిన ఒక ఆదివారం గురించి చెబుతాను. ఈ ఉద్యోగం ఏమిటో అందులోనే ఉంది.

ఇస్త్రీ చొక్కా మనిషి

ప్రొఫెసర్ లెర్మియేది ఫ్రాన్సులో తూర్పు కొండల పక్కన చిన్న ఊరు. వాళ్ళమ్మకు అక్కడ మందుల షాపు ఉండేది. ఆ దేశంలో ఒక పద్ధతి ఉంది. వానలు పడ్డాక అడవిలో పుట్టగొడుగులు ఏరుకున్నవాళ్ళు బుట్ట తీసుకుని నేరుగా మందుల షాపుకి వెళతారు. వీటిలో ఏది మంచిదో, ఏది పారేయాలో షాపులో ఉన్నవాళ్ళు చూసి చెప్పాలి. అలా చెప్పడం వాళ్ళ చదువులో భాగమట. ఈయన ఆ బల్ల కింద కూర్చుని, వచ్చే బుట్టల వాసన చూస్తూ పెరిగాడు. పెద్దయ్యాక అదే చదివాడు. చచ్చిన మానుల మీద పెరిగే శిలీంధ్రాల కోసం సింగపూర్ వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు.

పుట్టగొడుగుల శాస్త్రవేత్త అంటే గడ్డం పెంచుకుని అడవుల్లో తిరిగే మనిషిని ఊహించుకోకండి. ఇస్త్రీ చొక్కా లేకుండా ఈయన గడప దాటేవాడు కాదు. ఊరి చివర క్రాంజీ పొలాల వెనక బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు కూడా చొక్కా టక్ చేసే ఉండేది. కాకినాడ కాలేజీలో బోటనీ చదివి, పెళ్ళి చేసుకుని, మా ఆయన బ్యాంకు ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చిన నన్ను ఆయన మొదటి రోజు అడిగింది సర్టిఫికెట్లు కాదు. ఒక పుట్టగొడుగు ముక్క చేతిలో పెట్టి, "వాసన చూసి చెప్పు" అన్నాడు.

"తడిసిన గోనెసంచి" అన్నాను.

"నేను తడి కుక్క అంటాను. ఇద్దరం రాద్దాం" అన్నాడు. అలా ఉద్యోగం వచ్చింది.

ఆయన పని తీరు మీకు పాతకాలపుదిలా అనిపించవచ్చు. ముందు వాసన. తర్వాత గొడుగును కాడ తీసేసి, గాజు పలక మీద బోర్లించి వదిలేయడం. గొడుగు అడుగున పల్చటి రెక్కలుంటాయి కదా, వాటిలోంచి పొడి రాలుతుంది. అవే సిద్ధబీజాలు, అంటే దాని విత్తనాలనుకోండి. ఆ పొడి రంగు చూడాలి. తెలుపు, గులాబి, గోధుమ, నలుపు. రంగు తేలాకే మైక్రోస్కోపు. పేరు అన్నిటికన్నా చివర. ఇప్పటి పిల్లలు డీఎన్‌ఏ దగ్గర మొదలుపెట్టి పేరు దగ్గర ఆగుతున్నారు. మధ్యలో వస్తువును ఒక్కసారైనా చూడటం లేదు. కోపం వస్తే రానివ్వండి, నేను చూసిందే చెబుతున్నాను.

ఆయన గొప్పవాడే, కానీ దేవుడేం కాదు. యూరప్ పుస్తకాలు చదివి ఇక్కడికొచ్చిన ప్రతివాడూ చేసే తప్పు ఆయనా చేశాడు. ఇక్కడి మాను మీద దొరికిన వాటికి వాళ్ళ ఊరి పేర్లు పెట్టేశాడు, చూడటానికి ఒకేలా ఉన్నాయి కదా అని. నాకది మింగుడుపడలేదు.

"ప్రొఫెసర్, మీ ఊళ్ళో శీతాకాలమంతా మంచు కింద పడుకునే ప్రాణి, ఇక్కడ ఏడాది పొడుగునా ఉక్కలో ఎలా బతుకుతోంది?"

"నేను బతకడం లేదా, శారదా?"

"మీరు ఏసీలో బతుకుతున్నారు."

కొన్నాళ్ళు నాతో మాటల్లేవు. ఆ తర్వాత ఒక పొద్దున వచ్చేసరికి అల్మరాలో దాచిన నమూనాలన్నీ దించి నేల మీద పరిచి కూర్చున్నాడు. ఒక్కొక్కటే మళ్ళీ చూసి, తను పెట్టిన పేర్లను తన చేత్తోనే కొట్టేశాడు. చాలా కాలం పట్టింది. ఇలా చేసిన బాసు నాకు ఇంకొకరు తగల్లేదు. మిగతావాళ్ళ తప్పులన్నీ కిందివాళ్ళ పేరు మీదే ఉండేవి.

ఆయనకు ఇంకొక వింత ఉండేది. పుట్టగొడుగు తినడు. ఫ్రెంచివాడై ఉండి, జీవితమంతా వాటి మధ్య గడిపి, ఒక్క ముక్క నోట్లో పెట్టడు. ఎవరైనా ఒకటి తెచ్చి తినొచ్చా అని అడిగితే పేరు చెబుతాడు, రంగు చెబుతాడు. తినొచ్చా అన్నదానికి మాత్రం, "అది నేను చెప్పను" అంటాడు. అదంతా పొగరు అనుకునేదాన్ని.

ఆదివారం ఫోను

ఆ ఆదివారం నేను పాయా లేబర్‌లో మా అమ్మాయికి బూట్లు కొంటున్నాను. ప్రొఫెసర్ దగ్గర్నుంచి ఫోను. ఒక ఆసుపత్రి వాళ్ళు ఆయన్ని పిలిచారట. ఒక పెద్దావిడ ఎక్కడో ఏరుకొచ్చిన పుట్టగొడుగులు వండుకుని తింది, వాంతులు ఆగడం లేదు. "ఆవిడ మీ భాష మనిషి. వెంటనే రా."

వెళ్ళేసరికి డ్యూటీ డాక్టరు, కుర్రాడు, వరండాలో విషయం చెప్పాడు. విషపు పుట్టగొడుగుల్లో రెండు రకాలు. ఒకటి తిన్న కాసేపటికే కడుపును పిండేస్తుంది. మనిషి నీరసించిపోతుంది కానీ సెలైన్ ఎక్కిస్తే కోలుకుంటుంది. రెండోది తిన్నాక చాలాసేపు కిక్కురుమనదు. అది బయటపడేసరికి కాలేయం పాడైపోతూ ఉంటుంది. కాబట్టి ఎప్పుడు తిందన్నదే ముఖ్యం.

"పొద్దున తిన్నానని చెబుతోంది. కాసేపటికే వాంతులు మొదలయ్యాయట. అంటే మొదటి రకమే అనుకోవచ్చు" అన్నాడు డాక్టరు.

ప్రొఫెసర్ నా వైపు తిరిగాడు. "వంట ఎప్పుడు చేసిందో అడుగు."

ఉప్పు చూడటం

మంచం మీదున్న ఆవిడ పేరు అప్పలకొండ ఆంటీ. మలేషియాలో రబ్బరు తోటల్లో పుట్టిన మనిషి. ఎన్నడో ఆంధ్ర నుంచి ఓడెక్కిన తాతలు తెచ్చిన తెలుగు ఆవిడ నోట్లో అలాగే ఉంది. పక్కన కోడలు మాల, చదువుకునే మనవరాలు. ముఖం వాడిపోయినా ఆంటీ మాటకు ఢోకా లేదు.

"పుట్టకొక్కులే తల్లీ. తోటలో సిన్నప్పుడు మాయమ్మ కోసుకొచ్చేది కాదేటి? అవే. క్రాంజీలో మా మరిది కూరగాయల తోట కాడికెళ్తే, గడ్డిలో గుండ్రంగా మొలిసున్నాయి, తెల్లగా, పళ్ళేలంత. వదిలొచ్చేస్తానేటి?"

"బాగున్నాయో లేదో చూశారా?"

"సూడకేం! పురుగు కొరికినవే ఏరినాను. పసుపేసి ఉడకబెట్టినాను. ఇసమైతే నల్లగైపోదా?"

పురుగుకు పడింది మనకూ పడుతుందని, పసుపు విషాన్ని పట్టిస్తుందని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా మనమందరం విన్నవాళ్ళమే. రెండూ ఎందుకూ పనికిరావు. ఇక చూడటానికి ఒకేలా ఉందని వేరే నేల మీది దానికి సొంత ఊరి పేరు పెట్టడం అంటారా, ఫ్రాన్సులో చదువుకున్నవాడే చేసిన తప్పది, ఆంటీని అనడానికి నాకు నోరు రాలేదు.

"వంట ఎప్పుడు చేశారాంటీ?"

"నిన్న సందేళ."

"మరి నిన్న తినలేదా?"

ఆంటీ కోడలి వైపు చూసింది. కోడలు నా వైపు చూసింది. "నిన్న శనివారం కదండీ" అంది మాల. "వెంకటేశ్వరస్వామి మొక్కు. అత్తమ్మ శనివారం ఫలహారమే. గుడ్డు, నీచు, పుట్టగొడుగులు ఇంట్లో ఎవర్నీ ముట్టనివ్వదు. ఆదివారానికని చేసి మూతపెట్టింది. పొద్దున మేము తినకముందే తనకి వాంతులు మొదలయ్యాయి."

"మాలా, ఆంటీకి కాస్త వేడినీళ్ళు తెస్తారా?" అన్నాను.

మాల వెళ్ళింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. "ఇప్పుడు చెప్పండి. నిన్న ఎంత తిన్నారు?"

"రామ రామ! తినడమేటి? ఉప్పు సూసినాను, అంతే."

"ఎన్నిసార్లు చూశారు?"

"రొండుసార్లు... ఉప్పు సాల్లేదని."

"ఊరికే చూశారా, అన్నంలో కలుపుకుని చూశారా?"

ఆంటీ సీలింగు వైపు చూసింది. "అన్నంలో కలిపితేనే కదా ఉప్పు సరిగ్గా తెలిసేది."

"అంటే ముద్ద."

"సిన్న ముద్దే తల్లీ! ఆ వాసనకి మాయమ్మ కళ్ళ ముందుకొచ్చేసింది. ఏటి సెయ్యమంటావు? కోడలికి సెప్పకే, నీకు పున్నెముంటాది. ఇన్నేళ్ళు దాన్నీ పిల్లనీ శనివారం శనివారం అని పీక్కు తిన్నాను."

కిటికీ దగ్గర ఫోను చూసుకుంటున్న మనవరాలు తలెత్తింది. "అవ్వా! సాటర్డే నో మష్రూమ్ అని యూ ఓన్లీ సెడ్, వాట్!"

"నువ్వు నోర్ముయ్" అంది ఆంటీ, ఆ నీరసంలోనే.

నాకు నవ్వొచ్చింది, అంతలోనే డాక్టరు మాట గుర్తొచ్చింది. పొద్దున తిన్నదే అయితే మొదటి రకం. రాత్రి ముద్ద వల్లే అయితే పొద్దుటిదాకా కిక్కురుమనకుండా ఉన్న రెండో రకం కావచ్చు. డాక్టరుకి చెప్పాను. అతను రాస్తున్నది ఆపేశాడు. "అయితే ఏం తిందో తెలియాలి" అన్నాడు.

కంచం

ప్రొఫెసర్, మాల, నేను టాక్సీలో టోవా పాయోలోని ఆంటీ ఇంటికి వెళ్ళాం. గిన్నెలో కూర మిగిలింది కానీ అది మన కూర. ఉల్లిపాయ, మసాలా, కొబ్బరి. ముక్క ఏదో, కాడ ఏదో ఆ బ్రహ్మకు కూడా తెలియదు. ప్రొఫెసర్ కొంత సీసాలోకి తీసుకున్నాడు కానీ ముఖంలో ఆశ లేదు.

"చెక్కులు, కాడల మొదళ్ళు, ఏరి పారేసినవి ఏవైనా ఉన్నాయా?"

"చూట్‌లో వేసేసింది" అంది మాల. వంటింటి గోడలోని చెత్త గొట్టం తలుపు తెరిస్తే అన్ని అంతస్తుల చెత్తా కిందికే పోతుంది. కిందికి వెళితే డబ్బా శుభ్రంగా ఖాళీ. పొద్దున్నే బండి వచ్చి తీసుకుపోయింది.

మాల మెట్ల మీద కూలబడింది. "ఆవిడ నన్ను రోజూ తిడుతుందండీ. తిట్టడానికైనా ఇంటికి రావాలి" అంది.

మళ్ళీ పైకి వెళ్ళాం. నేను ఆసుపత్రికి ఫోన్ చేసి మనవరాలి చేత ఆంటీకి ఇప్పించాను.

"ఆంటీ, కోసుకొచ్చాక ఏం చేశారో వరుసగా చెప్పండి."

"కడిగినాను. కాడలు తీసేసి, నీరోడ్డానికి కంచంలో బోర్లించినాను. సందేళ వరకూ అలగే ఉంచినాను."

"ఏ కంచం?"

"పెద్ద స్టీలు కంచం. బట్టల మిషను మీద."

బట్టల మిషను మీద కంచం ఉంది. దాని నిండా బట్టలారేసే క్లిప్పులు పోసి ఉన్నాయి. ప్రొఫెసర్ నన్ను ముట్టనివ్వలేదు. ఒక్కొక్క క్లిప్పూ తనే ఏరి పక్కన పెట్టాడు. తర్వాత కంచాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకి ఏటవాలుగా పట్టుకున్నాడు.

కంచం అడుగున గుండ్రని మచ్చలు, ఒక్కొక్క గొడుగుకి ఒక్కొక్కటి. రెక్కల గీతలు కూడా దువ్వినట్టు పడ్డాయి. అన్నీ ఆకుపచ్చ. ఎండిన గోరింటాకు పొడి రంగు.

నాకు గుండె కుదుటపడింది. గడ్డిలో గుండ్రంగా మొలిచే ఆ పెద్ద తెల్ల గొడుగు ఒక్కటే మా ప్రాంతంలో ఇలా ఆకుపచ్చ పొడి రాలుస్తుంది. కడుపును పిండేసే రకం. రాత్రి చిన్న ముద్దకి లొంగని కడుపు, పొద్దున నిండా తిన్నాక తిరగబడిందన్నమాట. ఇలాంటి తెల్ల గొడుగుల్లో కాలేయం జోలికి పోయేవాటి పొడి తెలుపు. ఆంటీ నీళ్ళు ఓడ్చడానికి చేసిన పని, మేము రోజూ గాజు పలక మీద చేసే పనే, ఆవిడకు తెలియకుండా జరిగిపోయింది.

ప్రొఫెసర్ మాత్రం కంచం దించలేదు. తెల్ల మచ్చ ఒక్కటైనా ఉందేమో అని అంచు అంచూ వెతికాడు. లేదు. "విచ్చుకోని మొగ్గలు పొడి రాల్చవు. మొగ్గలు కూడా కోసిందేమో అడుగు" అన్నాడు.

అడిగాను. "మొగ్గలు కొయ్యలేదే. వచ్చే వారానికి ఇచ్చుకుంటాయని వదిలేసినాను. మళ్ళీ ఎల్దామనుకున్నాను" అంది ఆంటీ. "మరి అన్నీ ఈ కంచంలోనే పెట్టారా?" "ఒకే కంచం. ఇంకో కంచం ఎక్కడిది?"

వరండాలో గొడవ

ఆసుపత్రికి తిరిగొచ్చాక ప్రొఫెసర్ డాక్టరుకి కంచం చూపించి, పొడిని మైక్రోస్కోపులో చూపించి, ఏం చూశాడో చెప్పాడు. బయట మాల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "సర్, మా అత్తమ్మకి ఏమీ కాదు కదా?"

"పొడి ఆకుపచ్చగా ఉంది" అన్నాడు ప్రొఫెసర్.

"అంటే బాగైపోతుందా?"

"పొడి ఆకుపచ్చగా ఉంది, మదాం."

మాలకి ఏడుపు ఆగలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని కాఫీ మిషను దగ్గరికి లాక్కుపోయాను.

"ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోతుంది? మీకు తెలుసు, నాకు తెలుసు."

"మనకు తెలిసింది కంచం. ఆవిడ కడుపులో ఏముందో మనకు తెలియదు. ప్రాణం గురించి డాక్టరు చెప్పాలి. నేను రంగు చెప్పగలను."

"భయస్థులు మీరు."

ఆయన కప్పు మిషను మీద పెట్టాడు. తర్వాత వాళ్ళమ్మ సంగతి చెప్పాడు. ఒక ఆదివారం పొరుగాయన బుట్ట తెచ్చాడు. షాపు నిండా జనం. వాళ్ళమ్మ పైపైన చూసి, "బాగున్నాయి, తినండి" అంది. పై వరసవి బాగున్నాయి. అడుగున వేరేవి ఉన్నాయి. ఆ పొరుగాయన బతకలేదు. ఆ తర్వాత వాళ్ళమ్మ ప్రతి బుట్టనూ బల్ల మీద గుమ్మరించి ఒక్కొక్కటే పేరు చెప్పేది. ఆ రెండు మాటలు మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంట్లో పుట్టగొడుగు మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కలేదు.

"ఆమె తప్పు పేరు చెప్పలేదు, శారదా. చూడనిదాన్ని కూడా కలిపి చెప్పింది" అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. అయినా ఆ రోజు నా వాదన కూడా నిజమేనని ఇప్పటికీ అంటాను. మనం చూసినంత వరకే చెప్పాలి, అంతకు మించి ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. కానీ ఏడుస్తున్న మనిషి మొహాన ఒక రంగు విసిరి నడిచిపోకూడదు కూడా. నేను మాల పక్కన కూర్చుని తెలుగులో చెప్పాను. ఆకుపచ్చ అంటే ఏమిటో, తెలుపు అయితే ఏమయ్యేదో, డాక్టరు రక్తంలో ఏం చూస్తాడో, ఎప్పుడు చూస్తాడో. బాగైపోతుంది అని నేనూ అనలేదు. కానీ మాల ఏడుపు ఆగింది. మీరు నేర్చుకోవలసినవి ఈ రెండూ. మొదటిది ఆయన నేర్పాడు. రెండోది నేర్పే బాసు నాకు దొరకలేదు.

ఒకటికి రెండుసార్లు రక్తం చూశారు. కాలేయానికి ఏమీ కాలేదు. ఆంటీ ఇంటికి వెళ్ళింది. వెళ్ళేలోపే శనివారం ముద్ద సంగతి మాలకు చేరింది. ఎవరు చేరవేశారో మనవరాలిని అడగాలి.

క్యారేజీ

కొన్ని వారాల తర్వాత ఆంటీ మా ల్యాబుకి వచ్చింది. పట్టుచీర, చేతిలో స్టీలు క్యారేజీ, చంకలో గుడ్డ సంచి. క్యారేజీ ప్రొఫెసర్ బల్ల మీద పెట్టి మూత తీసింది. మసాలా వాసన గదంతా నిండింది. పుట్టగొడుగుల కూర.

"సూపర్‌మార్కెట్‌వే తల్లీ, భయపడొద్దని సెప్పు. మాకన్ మాకన్, తినమను దొరని."

ప్రొఫెసర్ లేచి నిలబడి, చాలా మర్యాదగా, తాను తినననీ, ఆవిడ వచ్చినందుకే చాలా సంతోషమనీ చెప్పాడు. నేను దాన్ని వీలైనంత మెత్తగా తెలుగులో చెప్పాను. ఎంత మెత్తగా చెప్పినా కాదన్నది కాదన్నదే కదా. ఆంటీ ముఖం ముడుచుకుంది.

"నా సేతి మీద నమ్మకం లేదేటి?"

"అది కాదాంటీ, ఆయన అసలు..."

"నాకు తెలుసులే. కంచం సూస్తేగానీ నమ్మడు." ఆంటీ గుడ్డ సంచి విప్పి, పాత చీర ముక్కలో చుట్టిన పెద్ద స్టీలు కంచం తీసి ఆయన ముందు పెట్టింది. అదే కంచం. దాని మీద గుండ్రని మచ్చలు వరసగా, చాక్లెట్ రంగులో, రెక్కల గీతలతో సహా. "బాగా ఇచ్చుకున్నవే ఏరి కొన్నాను. మొగ్గలు ఒక్కటి కూడా ఎయ్యలేదు. అన్నీ ఈ కంచంలోనే బోర్లించినాను. అడగమను, ఏటడుగుతాడో."

ప్రొఫెసర్ కంచం అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వెలుగుకి ఏటవాలుగా పట్టుకున్నాడు. అంచులు చూశాడు. కాస్త పొడి గాజు పలక మీదికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, తను చూసి, నన్ను చూడమన్నాడు. తర్వాత ఆంటీకి కుర్చీ జరిపాడు. ఆంటీ ఒక కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు చూసింది.

"ఇవేటి, మెంతుల్లాగున్నాయి" అంది.

తర్వాత ఆయన సొరుగులోంచి చెంచా తీసి, చొక్కా అంచుతో తుడిచి, నిలబడే ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు.

ఆంటీ ఏదో అడిగింది. ఆయన నా వైపు చూశాడు. "ఏమంటున్నారు?"

"ఉప్పు ఎలా ఉందని అడుగుతోంది."

"ఉప్పు గురించి నేను చెప్పగలను" అన్నాడు లెర్మియే. "సరిపోయింది."